అమెరికా తన మొదటి రాజ్యాంగాన్ని ఎలా మార్చుకుంది, ఆ పని చట్టబద్ధమేనా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 1789కి ముందు అమెరికాకు వేరే రాజ్యాంగం ఉండేదా, ఉంటే దాన్ని ఎవరు ఏ అధికారంతో తీసేశారు, అలాంటిది మళ్ళీ జరిగే వీలుందా. మొదటిదానికి జవాబు చిన్నది: ఉండేది. ఎక్కువ చోటు పట్టేది రెండోది. ఎందుకంటే ఉన్న నిబంధనల ప్రకారం చూస్తే ఆ పని చేసినవాళ్ళకు ఆ అధికారం లేదు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ఈ పాఠం మీద వచ్చే జవాబు ఒకటే: "కేంద్రం బలహీనంగా ఉంది కాబట్టి మార్చారు." మార్కులు వేసేవాణ్ణి కానీ తృప్తిగా ఉండేది కాదు. బలహీనంగా ఉన్నదాన్ని సవరించుకుని బలపరచుకోవచ్చు కదా. మొత్తం తీసి పక్కన పెట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. దాని జవాబు ఆ పాత పత్రంలోని చివరి అధికరణంలో, పదమూడోదానిలో ఉంది. ఏ మార్పు చేయాలన్నా కాంగ్రెస్, అంటే రాష్ట్రాల ప్రతినిధుల సభ, ఒప్పుకోవాలి, ఆపైన అప్పటి పదమూడు రాష్ట్రాల్లో ప్రతి శాసనసభా ఒప్పుకోవాలి. పదమూడింట్లో పన్నెండు సరేనన్నా చాలదు.

ఆ పత్రం పేరు ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. 1776లో స్వాతంత్ర్యం ప్రకటిస్తున్న రోజుల్లోనే జాన్ డికిన్సన్ మొదటి చిత్తుప్రతి రాశాడు. బ్రిటిష్ సేన ఫిలడెల్ఫియాను పట్టుకోవడంతో యార్క్ అనే చిన్న ఊరికి తరలిపోయిన కాంగ్రెస్, అక్కడే 1777 నవంబర్ 15న దాన్ని ఆమోదించింది. కానీ అమల్లోకి వచ్చింది 1781 మార్చి 1న. వర్జీనియా వంటి పెద్ద రాష్ట్రాలు పడమటి భూములు తమవేనంటుంటే, అలాంటి భూములు లేని మేరీలాండ్ ఆ సంగతి తేలేదాకా సంతకం చేయనని భీష్మించింది. అంటే పుట్టడానికే ఆ పత్రానికి మూడేళ్ళకు పైగా పట్టింది. ఒక్కరు కాదంటే అందరూ ఆగిపోవాలన్న జబ్బు పుట్టుకతోనే ఉందన్నమాట.

దాని కింద రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా కాంగ్రెస్‌లో ఒకే ఓటు. యుద్ధం, సంధి, అప్పు, నాణేలు వంటి పెద్ద విషయాలకు తొమ్మిది రాష్ట్రాలు కలిసి రావాలి. అధ్యక్షుడంటూ పాలన నడిపేవాడు లేడు. దేశమంతటికీ న్యాయస్థానం లేదు. రాష్ట్రాల మధ్య, విదేశాలతో జరిగే వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే అధికారం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పన్ను వేసే అధికారం లేదు. ఖర్చులకు ఎంత కావాలో లెక్కగట్టి రాష్ట్రాలకు వాటాలు పంపేవారు. రాష్ట్రాలు ఇస్తే ఇచ్చేవి, లేకుంటే లేదు. అపార్ట్‌మెంట్ సంఘంలో నెలవారీ సొమ్ము ఎగ్గొట్టినవారిని ఏమీ అనలేక, లిఫ్టు బాగు చేయించలేక తిట్లు తినే కార్యదర్శి మీకు తెలిసే ఉంటాడు. కాంగ్రెస్ పరిస్థితి అదే. పైగా దాని మీద యుద్ధపు అప్పు ఉంది. ఫ్రాన్సుకు, డచ్చి బ్యాంకర్లకు, జీతాలందని సొంత సైనికులకు బాకీ ఉంది.

దీన్ని సరిచేసే ప్రయత్నం మొదట్లోనే జరిగింది. 1781లోనే కాంగ్రెస్ ఒక చిన్న సవరణ అడిగింది. దిగుమతుల మీద 5 శాతం సుంకం మాకు వసూలు చేసుకోనివ్వండి, అప్పు తీర్చుకుంటాం అని. పన్నెండు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. 1782 చివర్లో రోడ్ ఐలాండ్ కుదరదంది. అన్నిటిలోకీ చిన్న రాష్ట్రం, దాని రాబడి అంతా రేవుల మీదే. అది కాదనగానే వర్జీనియా కూడా తన ఒప్పుదలను వెనక్కి తీసుకుంది. 1783లో మళ్ళీ అడిగారు. ఈసారి ఇరవై అయిదేళ్ళకే పరిమితం, వసూలు చేసే ఉద్యోగులను రాష్ట్రాలే నియమించుకోవచ్చని మెట్టు దిగి అడిగారు. ఈసారి రోడ్ ఐలాండ్ కాదు, న్యూయార్క్ అడ్డం తిరిగింది. పక్కనున్న న్యూ జెర్సీ, కనెటికట్‌లకు వెళ్ళే సరుకు కూడా న్యూయార్క్ రేవులోనే దిగేది. వాళ్ళ వినియోగదారులు కట్టే సుంకం కూడా న్యూయార్క్ ఖజానాకే చేరేది. అంత కమ్మటి రాబడిని ఎవరు వదులుకుంటారు? ఒళ్ళు మండిన న్యూ జెర్సీ, న్యూయార్క్ ఒప్పుకునేదాకా మా వాటా సొమ్ము ఇవ్వబోమని 1786లో తీర్మానం చేసింది. కాంగ్రెస్ సభ్యులు న్యూ జెర్సీకి వెళ్ళి బతిమాలుకున్నారు. 1787 ఫిబ్రవరిలో న్యూయార్క్ శాసనసభ చివరిసారిగా కాదంది. అంతటితో సవరణ దారి మూసుకుపోయింది.

నా దృష్టిలో ఈ కథకు కీలు ఇక్కడే ఉంది. ఈ 5 శాతం సుంకం రెండుసార్లలో ఏ ఒక్కసారి నెగ్గినా, 1787లో కొత్త రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సదస్సు జరిగేది కాదనుకుంటాను. కనీసం అంత త్వరగా, అంత దూరం వెళ్ళేది కాదు.

సొమ్ము లేని ప్రభుత్వానికి మర్యాద ఎక్కడిది? 1783 జూన్‌లో జీతాలందని సైనికులు నాలుగు వందల మంది దాకా ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. స్థానిక దళాన్ని దించమని కాంగ్రెస్ పెన్సిల్వేనియా ప్రభుత్వాన్ని అడిగితే అది ఒప్పుకోలేదు. ఆ ప్రభుత్వానికి అప్పుడు అధిపతి ఎవరనుకున్నారు? ఆ పత్రం మొదటి చిత్తు రాసిన జాన్ డికిన్సనే. కాంగ్రెస్ ప్రిన్స్‌టన్‌కు వెళ్ళిపోయింది. అక్కడి నుంచి అనాపొలిస్, ట్రెంటన్, చివరికి న్యూయార్క్. బ్రిటన్‌తో కుదిరిన పారిస్ సంధిని ఆమోదించడానికి తొమ్మిది రాష్ట్రాల ప్రతినిధులు పోగవ్వక, 1784 జనవరి 14 దాకా అనాపొలిస్‌లో ఎదురుచూపులు చూశారు. గెలిచిన యుద్ధానికి సంధి మీద సంతకానికే కోరం లేదు.

బయటా అంతే. సంధి ప్రకారం ఖాళీ చేయాల్సిన వాయవ్య కోటలను బ్రిటన్ వదల్లేదు. మీ రాష్ట్రాలు మా వర్తకుల బాకీలు వసూలు కానివ్వడం లేదు కదా అని ఎదురు తిరిగింది. 1784లో స్పెయిన్ మిసిసిపీ నది కింది భాగంలో అమెరికన్ల రాకపోకలు ఆపేసింది. కాంగ్రెస్ ఏమీ చేయలేకపోయింది.

అలాగని ఆ ప్రభుత్వాన్ని మరీ తీసిపారేయకండి. యుద్ధాన్ని ముగించింది అదే. 1785లో పడమటి భూముల సర్వే పద్ధతి పెట్టి, ప్రతి టౌన్‌షిప్‌లోని 36 భాగాల్లో ఒకటి బడికి కేటాయించింది అదే. 1787 జూలై 13న, ఫిలడెల్ఫియాలో దాని నెత్తిన కొత్త రాజ్యాంగం తయారవుతున్న సమయంలోనే, న్యూయార్క్‌లో కూర్చుని ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధిస్తూ, అక్కడ ఏర్పడే కొత్త రాష్ట్రాలకు పాత రాష్ట్రాలతో సమాన హోదా ఇస్తూ శాసనం చేసింది కూడా అదే. ఈ సమాన హోదా నియమం లేకపోతే పడమర దిక్కంతా తూర్పు రాష్ట్రాలకు వలసగా మిగిలిపోయేది.

ఇక 1786. పశ్చిమ మసాచుసెట్స్‌లో రైతుల దగ్గర పంట ఉంది, చేతిలో నాణెం లేదు. రాష్ట్రం యుద్ధపు అప్పు తీర్చడానికి పన్నులు పెంచి, వాటిని నాణేల్లోనే కట్టమంది. కట్టలేనివారి పొలాలు వేలానికి, కొందరు జైలుకు. ఆగస్టులో నార్తాంప్టన్‌లో రైతులు గుంపుగా వెళ్ళి కోర్టు జరగనివ్వలేదు. కోర్టు కూర్చోకపోతే జప్తు తీర్పూ రాదు, అంత సూటి లెక్క. వారి నాయకుల్లో డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. 1787 జనవరి 25న షేస్ మనుషులు మంచులో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి నడిచారు. లోపలున్న రాష్ట్ర దళం ఫిరంగులు పేల్చింది. నలుగురు చనిపోయారు, మిగతావారు చెల్లాచెదురయ్యారు. ఆ ఆయుధాగారం కాంగ్రెస్ ఆస్తి, కానీ దాన్ని కాపాడుకునే సైన్యం కాంగ్రెస్‌కు లేదు. తిరుగుబాటును పూర్తిగా అణచడానికి జనరల్ బెంజమిన్ లింకన్ వెంట వెళ్ళిన సేనకు బోస్టన్ వర్తకులు సొంత డబ్బు పోగుచేసి ఇచ్చారు. ఆస్తిపరులకు నిద్ర పట్టనివ్వని వార్త అది. స్వాతంత్ర్య యుద్ధంలో సేనాధిపతిగా ఉండి, ఇప్పుడు మౌంట్ వెర్నన్‌లో పొలం పనులు చూసుకుంటున్న వాషింగ్టన్ కూడా ఆ వార్తలున్న ఉత్తరాలు చదివి కలవరపడ్డాడు.

దీనికి కొంచెం ముందే, 1786 సెప్టెంబర్‌లో, వ్యాపార విషయాలు మాట్లాడుకోవడానికి అనాపొలిస్‌లో ఒక సమావేశం పెట్టారు. అయిదు రాష్ట్రాల నుంచి పన్నెండు మంది వచ్చారు. ఆతిథ్యమిచ్చిన మేరీలాండ్ నుంచే ఎవరూ రాలేదు! మరొకరైతే తలవంచుకుని ఇంటికి పోయేవారు. న్యూయార్క్ ప్రతినిధి హామిల్టన్, వర్జీనియా ప్రతినిధి మాడిసన్ అలా పోలేదు. వచ్చే మే నెలలో ఫిలడెల్ఫియాలో అన్ని రాష్ట్రాలూ కలవాలి, వ్యాపారం ఒక్కటే కాదు, మొత్తం ఏర్పాటునే చూడాలి అని హామిల్టన్ చేత నివేదిక రాయించి పంపారు. 1787 ఫిబ్రవరి 21న కాంగ్రెస్ దానికి తలూపింది, కానీ షరతు పెట్టింది. సదస్సు జరిగేది ఉన్న ఆర్టికల్స్‌ను సవరించడానికి మాత్రమే, చేసిన సవరణలను కాంగ్రెస్‌కూ రాష్ట్రాలకూ నివేదించాలి.

మే 14న మొదలవ్వాల్సిన సదస్సుకు కోరం దొరికింది మే 25న. మొత్తం మీద వచ్చిన ప్రతినిధులు 55 మంది, రాష్ట్రాలు పన్నెండు. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. న్యూ హాంప్‌షైర్ వాళ్ళు దారిఖర్చుల డబ్బు సమకూర్చుకుని చేరేసరికి జూలై చివరి వారం. వాషింగ్టన్ అధ్యక్షుడు. తలుపుల దగ్గర కాపలా, లోపలి మాట బయటికి పొక్కకూడదని నియమం. జార్జియా ప్రతినిధి విలియం పియర్స్ రాసిపెట్టిన ఒక ముచ్చట చెబుతాను. ప్రతిపాదనల ప్రతిని ఎవరో నేల మీద పారేసుకున్నారు. అది వాషింగ్టన్ చేతికి వచ్చింది. ఆ రోజు సభ ముగిసే వేళ ఆయన లేచి, మన గుట్టు పత్రికల పాలవుతుంది, జాగ్రత్త అని మందలించి, ఎవరిదో వాళ్ళు తీసుకోండని కాగితాన్ని బల్ల మీద విసిరి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. పియర్స్ జేబు తడుముకుంటే తన ప్రతి లేదు. గుండె జారిపోయి దగ్గరికి వెళ్ళి చూస్తే చేతిరాత తనది కాదు. తన కాగితం బసలో వేరే కోటు జేబులో దొరికింది. ఆ బల్ల మీది కాగితం నాదని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు.

అంత గుట్టు ఎందుకో మొదటి వారంలోనే తెలుస్తుంది. మే 29న ఎడ్మండ్ రాండాల్ఫ్ వర్జీనియా ప్రణాళిక చదివాడు. దాని వెనక మెదడు మాడిసన్‌ది. మే 30న, అంటే పని మొదలైన అయిదు రోజులకే, శాసన, కార్యనిర్వాహక, న్యాయ విభాగాలతో అత్యున్నత జాతీయ ప్రభుత్వం ఏర్పడాలని తీర్మానించారు. సవరణ అన్న మాట అక్కడితో గాలికి పోయింది. జూన్ 15న న్యూ జెర్సీకి చెందిన విలియం పాటర్సన్ పాత పత్రాన్నే సవరించే ప్రణాళిక తెచ్చి, మనకున్న అధికారం ఇంతవరకేనని గుర్తు చేశాడు. ఇలాంటిది చేస్తారని తెలిస్తే మా రాష్ట్రం మమ్మల్ని పంపేదే కాదని న్యూయార్క్ ప్రతినిధి లాన్సింగ్ అన్నాడు. దేశం మునుగుతుంటే అవసరమని తోచినదాన్ని చెప్పకపోవడమే నమ్మకద్రోహమని రాండాల్ఫ్ జవాబు. జూలై 10న లాన్సింగ్, తోటి ప్రతినిధి యేట్స్ సదస్సు వదిలి వెళ్ళిపోయారు.

జూలై 16న, దిగువసభలో జనాభాను బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి సమానంగా అన్న రాజీ రాష్ట్రానికో ఓటు లెక్కన 5-4తో నెగ్గింది, మసాచుసెట్స్ ఓటు రెండుగా చీలింది. ఆ జనాభా లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కించారు. ఓటు లేని మనుషుల పేరు మీద వాళ్ళ యజమానుల రాష్ట్రాలకు అదనపు సీట్లు వచ్చాయి. బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదని కూడా రాసుకున్నారు. కొత్త రాజ్యాంగం కుదిరిన ధరలో ఇదొక భాగం, దీన్ని దాటేసి పొగిడే వ్యాసాలంటే నాకు చిరాకు.

అసలు చమత్కారం మాత్రం ఈ రాజీలో లేదు, ఆమోదించే పద్ధతిలో ఉంది. జూలై 23న వాళ్ళు దీన్ని రాష్ట్ర శాసనసభలకు కాకుండా, ఇందుకోసమే ప్రజలు ఎన్నుకునే ప్రత్యేక సభలకు పంపాలని నిర్ణయించారు. శాసనసభలు తమ అధికారాన్ని తామే తగ్గించుకునే పత్రానికి ఎందుకు ఒప్పుకుంటాయి? జార్జ్ మేసన్ ఇంకో వాదన తెచ్చాడు. శాసనసభలు రాష్ట్ర రాజ్యాంగాల వల్ల పుట్టినవి, తమను పుట్టించినదాని కన్నా అవి పెద్దవి కాలేవు, ఆ అధికారం ప్రజలది. ఆగస్టు 31న, ఎన్ని రాష్ట్రాలు చాలన్న లెక్క తేల్చారు. ఏడు, పది, పదమూడు అంటూ బేరాలయ్యాక తొమ్మిదికి స్థిరపడ్డారు. పాత పత్రంలో పెద్ద నిర్ణయాలకు అలవాటైన అంకె అది. కాంగ్రెస్ ఆమోదం కావాలన్న మాటను కూడా అప్పుడే కొట్టేశారు. అంటే పదమూడో అధికరణంలోని రెండు తాళాలనూ తెరవకుండా పక్కనుంచి వెళ్ళిపోయారు.

సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు చేశారు. అస్వస్థతతో ముందే వెళ్ళిపోయిన డికిన్సన్ పేరును సహచరుడు జార్జ్ రీడ్ రాశాడు. పాత పత్రానికి మొదటి చిత్తు రాసినవాడి పేరు దాన్ని రద్దు చేసిన పత్రం మీద కూడా ఉంది. రాండాల్ఫ్, మేసన్, గెరీ సంతకం చేయలేదు. పౌరుల హక్కుల పత్రం చేర్చాలన్న ప్రతిపాదనను సదస్సు తోసిపుచ్చడం మేసన్ ఆగ్రహానికి ఒక కారణం.

కాంగ్రెస్ సెప్టెంబర్ 28న రాజ్యాంగాన్ని "ఏకగ్రీవంగా" రాష్ట్రాలకు పంపింది. అందులో కిటుకు చూడండి. ఏకగ్రీవం పంపడానికే, ఆమోదానికి కాదు. మర్నాడు ఫిలడెల్ఫియాలో జరిగింది నాటకంలో కూడా నమ్మరు. ఆమోద సభకు ఎన్నికలు తొందరగా పెట్టనివ్వకూడదని వ్యతిరేకులు పెన్సిల్వేనియా శాసనసభకు రావడం మానేశారు. కోరానికి ఇద్దరు తక్కువయ్యారు. ఒక గుంపు వాళ్ళ బసకు వెళ్ళి ఇద్దరు సభ్యులను ఈడ్చుకొచ్చి కుర్చీల్లో కూలేసింది. వారిలో ఒకాయన, జేమ్స్ మెక్‌కాల్మంట్, గైరుహాజరుకు జరిమానా కడతాను, నన్ను వదలండని లేచాడు. తలుపు దగ్గర జనం కదలనివ్వలేదు. కోరం నిండింది, తీర్మానం నెగ్గింది.

1787 డిసెంబర్ 7న డెలవేర్ 30-0తో ముందుగా ఒప్పుకుంది. అక్కడి నుంచి మసాచుసెట్స్ దాకా పెద్ద ఇబ్బంది లేదు. మసాచుసెట్స్‌లో షేస్ మనుషుల ప్రాంతం నుంచి వచ్చినవారు ఎక్కువగా వ్యతిరేకులు. ముందు ఒప్పుకోండి, సవరణలు సిఫారసు చేద్దాం అన్న సూత్రంతో 187-168తో గట్టెక్కింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారినే పట్టాయి. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదోది. కాగితం మీద అంతటితో అయిపోయినట్టే. వర్జీనియా, న్యూయార్క్ లేకుండా దేశమేమిటి? వర్జీనియాలో వ్యతిరేకుల నాయకుడు పాట్రిక్ హెన్రీ, "మేము, రాష్ట్రాలం" అనకుండా "మేము, ప్రజలం" అనే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారని నిలదీశాడు. నాకు తెలిసి ఈ వ్యవహారం మొత్తంలో అంతకన్నా సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. 89-79తో ఓడిపోయాడు. న్యూయార్క్‌లో ఎన్నికైనవారిలో మూడింట రెండు వంతులకు పైగా వ్యతిరేకులు. వర్జీనియా ఒప్పుకుందన్న కబురు, నగరం రాష్ట్రం నుంచి విడిపోతుందన్న బెదిరింపు కలిసి 30-27తో ఒప్పించాయి.

ఇప్పుడు మీ "చట్టబద్ధమేనా?" సంగతి. పదమూడో అధికరణం ప్రకారం కాదు. మాడిసన్ కూడా అటూ ఇటూ దాటవేయలేదు. ఒక్క రాష్ట్రపు మొండితనానికి పన్నెండు రాష్ట్రాల భవితవ్యాన్ని కట్టెయ్యడం అసంబద్ధమన్నాడు. పాతది ఒప్పందం లాంటిది, ఒక పక్షం ఉల్లంఘిస్తే మిగతావారికి విడుదలేనన్నాడు. చివరికి ప్రజలే ఆమోదిస్తే విధానపు లోపాలు మాసిపోతాయన్నాడు. మొదటి రెండు వాదనలు వకీలు వాదనలు. మూడోదాంట్లో బలముంది, కానీ ఆ ప్రజల్లో స్త్రీలు, బానిసలు, చాలాచోట్ల ఆస్తిలేనివారు లేరు. కుట్ర అనేవారి వాదన కూడా కొత్తది కాదు. ప్రభుత్వ రుణపత్రాలు చేతిలో ఉన్నవారు తమ సొమ్ము రాబట్టుకోవడానికే ఇదంతా చేశారని 20వ శతాబ్దం మొదట్లో గట్టిగా వినిపించింది. తర్వాతి పరిశోధకులు ఓట్లను ఆస్తులతో పోల్చి చూస్తే ఆ గీత అంత తిన్నగా రాలేదు. రుణపత్రాలున్నవారు రెండు వైపులా ఉన్నారు. నన్నడిగితే అది కుట్ర కాదు, గుట్టుగా చేసి, తర్వాత బహిరంగంగా ఓటుకు పెట్టిన నియమోల్లంఘన.

మన దగ్గరా దీనికి దగ్గరిదొకటి ఉంది. మన రాజ్యాంగం 395వ అధికరణం 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్నీ, రాజ్యాంగ సభకు చట్టపరమైన బలమిచ్చిన 1947 నాటి స్వాతంత్ర్య చట్టాన్నీ రెండింటినీ రద్దు చేసింది. పైగా ఆ రాజ్యాంగాన్ని గవర్నర్ జనరల్ ఆమోదముద్రకు పంపలేదు. తెలియక కాదు, మా అధికారం లండన్ చట్టం నుంచి రాలేదని చెప్పడానికే.

వాషింగ్టన్ 1789 ఏప్రిల్ 30న ప్రమాణం చేసేనాటికి నార్త్ కరోలినా, రోడ్ ఐలాండ్ బయటే ఉన్నాయి. ఆ జూలై 4న ఆయన సంతకం చేసిన తొలి చట్టాల్లో ఒకటి దిగుమతి సుంకాల చట్టం. చాలా సరుకుల మీద రేటు అదే 5 శాతం. ఆరేళ్ళు బతిమాలినా రానిది, కొన్ని వారాల చర్చతో వచ్చింది. హక్కుల సవరణలు కాంగ్రెస్ దాటాక, నవంబర్‌లో నార్త్ కరోలినా చేరింది. రోడ్ ఐలాండ్ ఇంకా బిగుసుకుని కూర్చుంటే, దానితో వర్తకం ఆపే బిల్లును 1790 మేలో సెనేట్ ఆమోదించింది. సొంత పట్టణం ప్రావిడెన్స్ విడిపోతానంది. మే 29న 34-32తో లొంగింది. అలా చివరికి పదమూడూ ఒప్పుకున్నట్టే అయింది, కాకపోతే కొత్త ప్రభుత్వం నడవడం మొదలై ఏడాది దాటాక.

మూడో ముక్క, మళ్ళీ జరగవచ్చా అన్నది. కొత్త రాజ్యాంగం అయిదో అధికరణం ఏకగ్రీవాన్ని వదిలేసి, నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు చాలంది. ఇప్పటి 50లో 38. మినహాయింపుగా, ఏ రాష్ట్రానికైనా సెనేట్‌లో సమాన ఓటు తీసేయాలంటే ఆ రాష్ట్రమే ఒప్పుకోవాలి. మూడింట రెండు వంతుల రాష్ట్రాలు, అంటే 34, అడిగితే సవరణల కోసం కొత్త సదస్సు పిలవాల్సిందే. ఇంతవరకూ ఒక్కసారీ పిలవలేదు. 1980ల్లో సమతుల బడ్జెట్ కోసం ఆ అర్జీలు 32 దాకా వెళ్ళాయి. తర్వాత కొన్ని రాష్ట్రాలు వెనక్కి తీసుకున్నాయి. బడ్జెట్ కోసమని పిలిచిన సదస్సు బడ్జెట్‌తోనే ఆగుతుందని ఎవరు పూచీ ఇస్తారన్నది వాళ్ళ భయాల్లో ఒకటి, దానికి వాళ్ళు చూపించిన ఉదాహరణ 1787.